గృహప్రవేశానికి బేకింగ్ పాత్ర, దాంతోపాటు రాసిచ్చే వంటకాలు: ఏ పాత్ర, ఏ వంటలు?

పొంగిన_పిండి
మా ఆడపడుచు వాళ్ల గృహప్రవేశం వచ్చే నెల. 19 లీటర్ల ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన చిన్న కరెంటు ఓవెన్) కొనుక్కున్నారు కానీ బ్రెడ్డు ముక్కలు కాల్చడం తప్ప అందులో ఇంకేం చేయడం లేదు. ఇంట్లో గుడ్డు తినరు. ఒక మంచి బేకింగ్ పాత్ర, అందులోనే చేసుకోగలిగే ఐదారు వంటకాలు చేత్తో రాసిన కార్డులు, ఒక సీసాలో ముందే కలిపి పెట్టిన కేకు పొడి, ఈ మూడూ కలిపి ఇద్దామని ఆలోచన. షాపులో మూత ఉన్న 33×23 సెం.మీ. గాజు పాత్ర ఒకటి బాగా నచ్చింది. అల్యూమినియం టిన్నే నయమని కొందరు, పింగాణీ అని ఇంకొందరు అంటున్నారు. నెట్‌లో దొరికే వంటకాల్లో చాలావాటికి గుడ్లు కావాలి, కొలతలేమో కప్పుల్లో ఉంటాయి. ఏ పాత్ర తీసుకోవాలి, ఏం రాసివ్వాలి?

గ్రాముల_లెక్క
ముందు ఆ 33×23 పక్కన పెట్టేయండి, వాళ్ల ఓవెన్‌లో పట్టదు. 19 లీటర్ల ఓటీజీ అంటే లోపల సుమారు 30×27×23 సెం.మీ. చోటు. మోడల్‌ని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. పాత్ర మీద రాసే కొలతలో చాలాసార్లు పట్టుకునే చెవులు కలవవు. 33 అని రాసి ఉంటే చెవులతో కలిపి 37 దాకా వెళ్తుంది.

వాళ్ల ఓవెన్ తలుపు తీసి లోపలి వెడల్పు, లోతు, జాలీ నుంచి పై రాడ్డు దాకా ఎత్తు టేపుతో కొలిచి పంపమనండి. పాత్రకీ గోడలకీ మధ్య చుట్టూ 2 నుంచి 3 సెం.మీ. ఖాళీ ఉండాలి. అది లేకపోతే వేడిగాలి తిరగదు. అంచులు మాడి, నడుమ పిండి పచ్చిగా ఉండిపోతుంది. ఈ లెక్కన వాళ్లకి సరిపోయేది 20×20 సెం.మీ. చదరపు గాజు పాత్ర, చెవులతో కలిపి 24, 25 లోపు. ఎత్తు 5 సెం.మీ. ఉంటే సుమారు 2 లీటర్లు పడుతుంది.

బెజవాడ_బేకర్
కొలత విషయంలో పైన చెప్పింది అక్షరాలా నిజం. గాజు విషయంలో మాత్రం ఒప్పుకోను. కేకు కోసమైతే పూత లేని మామూలు అల్యూమినియం టిన్నే. వేడిని వెంటనే అందుకుంటుంది, బయటికి తీయగానే వెంటనే చల్లారుతుంది. కేకు నాలుగు పక్కలా సమంగా లేస్తుంది. గాజు అలా కాదు. ఆలస్యంగా వేడెక్కి, వేడెక్కాక ఆ వేడిని పట్టుకుని కూర్చుంటుంది. బయటికి తీశాక కూడా పది నిమిషాలు అంచులు ఉడుకుతూనే ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అంచు గట్టిపడిన కేకు వస్తే రెండోసారి ఆ పాత్ర బయటికి తీయరు.

గ్రాముల_లెక్క
@బెజవాడ_బేకర్ మీరు చెప్పిన కారణం సరే, దానికి విరుగుడు ఉంది. గాజులో కేకు చేసేటప్పుడు వంటకంలో రాసిన వేడి కంటే 15 డిగ్రీలు తగ్గించాలి. 180 అని ఉంటే 165. సమయం ఐదు నుంచి పది నిమిషాలు పెరుగుతుంది. ఇచ్చే కార్డు మీదే 165 అని రాసేస్తే వాళ్లకి ఆ లెక్క కూడా అక్కర్లేదు.

పైగా ఇది కేకులకి మాత్రమే ఇచ్చే టిన్ను కాదు కదా. టమాటాతో చేసేవి, పెరుగుతో చేసేవి పూత లేని అల్యూమినియంలో రాత్రంతా ఉంచలేం. పులుపుకి లోహం నల్లబడి, రుచిలో తేడా వస్తుంది. గాజు పాత్ర అయితే అందులోనే వండి, బల్ల మీద పెట్టి, మిగిలింది మూత వేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. తర్వాత మైక్రోవేవ్‌లో వేడిచేసుకోవచ్చు. మూత ప్లాస్టిక్‌ది అయితే ఓవెన్‌లో పెట్టకూడదని కార్డు మీద రాయడం మర్చిపోకండి.

మైదామజ్జిగ
నాన్‌స్టిక్ టిన్ను మాత్రం వద్దు. అందులోనే చాకుతో ముక్కలు కోస్తారు, నెల తిరక్కుండా పూత గీతలు పడుతుంది.

విశాఖ_ఉప్పుగాలి
ఇనుప రేకు టిన్నులకి ఇంకో సమస్య. సముద్రం దగ్గరి ఊళ్లలో మడత పెట్టిన మూలల్లో నీళ్లు నిలిచి తుప్పు పడుతుంది. కడిగాక ఇంకా వేడిగా ఉన్న ఓవెన్‌లో ఐదు నిమిషాలు పెట్టి ఆరబెడితే ఆగుతుంది. గాజుకైతే ఈ బాధ లేదు.

డాలస్_దోసె
గాజు అనగానే సరిపోదు, ఏ గాజో చూడాలి. బోరోసిలికేట్ (వేడికి తక్కువ సాగే గాజు) వేరు, సోడాలైమ్ (కిటికీలకి, మామూలు సీసాలకి వాడే గాజు) వేరు. వేడికి సోడాలైమ్ గాజు బోరోసిలికేట్ కంటే సుమారు మూడు రెట్లు సాగుతుంది. ఒక పక్క వేడి, ఒక పక్క చల్లన అయితే ఆ సాగడంలో తేడాకే పగులుతుంది. పాత్రని టెంపర్ చేస్తే, అంటే బాగా కాచి గబుక్కున చల్లార్చి గట్టిపరిస్తే, కింద పడ్డప్పుడు గట్టిగానే తట్టుకుంటుంది కానీ, వేడి తేడాకి బోరోసిలికేట్ అంత తట్టుకోదు. పగిలితే ఒక్కసారిగా చిన్న ముక్కలైపోతుంది.

అమెరికా నుంచి ఎవరైనా పైరెక్స్ బ్రాండు గాజు పాత్ర తెస్తామంటే ఒకటి గుర్తుంచుకోండి. ఇప్పుడు ఇక్కడ అమ్మేది టెంపర్డ్ సోడాలైమ్. ఫ్రాన్స్‌లో తయారయ్యేది బోరోసిలికేట్. ఇండియాలో దొరికే బోరోసిల్ బ్రాండు సంగతి పేరులోనే ఉంది, బోరోసిలికేటే. అంత బరువు పెట్టెలో మోసుకురావాల్సిన అవసరమే లేదు.

ఈ గాజు పాత్రల పుట్టుక కూడా కేకుతోనే. 1913లో కార్నింగ్ అనే అమెరికా గాజు కంపెనీలో పనిచేసే జెస్సీ లిటిల్‌టన్ అనే శాస్త్రవేత్త బ్యాటరీలకి వాడే గాజు జాడీ అడుగుభాగం కోయించి ఇంటికి తెస్తే, ఆయన భార్య బెస్సీ అందులో కేకు చేశారు. 1915లో పైరెక్స్ మార్కెట్‌లోకి వచ్చింది.

పొంగిన_పిండి
ఇది తెలియదు, కార్డు వెనకాల రాస్తాను. అయితే బోరోసిలికేట్ 20×20 అనుకుంటున్నా. పింగాణీ సంగతి ఎవరూ చెప్పలేదు?

మైదామజ్జిగ
చూడ్డానికి అన్నిటికంటే అందంగా ఉంటుంది. వేడిని నిదానంగా, సమంగా ఇస్తుంది. కాకపోతే బరువు. చెవి అంచులు, అడుగున మెరుగు (గాజులాంటి పూత) లేని భాగం చూసుకోవాలి. అక్కడ నీళ్లు పీల్చుకుని ఉంటే ఓవెన్‌లో పగులు తీస్తుంది. లోపలి వైపు రంగుల బొమ్మలున్నవి, సంతలో అమ్మే అలంకరణ గిన్నెలు అసలు వద్దు. కొన్ని మెరుగుల్లో సీసం ఉంటుంది, పులుపు తగిలితే కూరలోకి దిగుతుంది. ఓవెన్‌కి, ఆహారానికి పనికొస్తుందని కంపెనీ రాసిస్తేనే కొనండి.

సిద్దిపేట_సీతాఫలం
వాళ్లది ఓటీజీ కాబట్టి సరే. ఇదే చదివి కన్వెక్షన్ మైక్రోవేవ్ (ఫ్యానుతో వేడిగాలి తిప్పి బేకింగ్ కూడా చేసే మైక్రోవేవ్) ఉన్నవాళ్లకి ఎవరైనా కొంటారేమో, వాళ్ల కోసం. అందులో అడుగు పళ్లెం తిరుగుతుంది. చదరపు పాత్రకి పక్క కొలత కాదు, మూల నుంచి మూలకి కొలవాలి. 20×20 పాత్రకి మూల నుంచి మూలకి 28 సెం.మీ. పైనే, చెవులు కలిస్తే ఇంకా ఎక్కువ. తిరిగేటప్పుడు గోడకి తగిలి ఆగిపోతే ఒక పక్కే కాలుతుంది. అలాంటి వాళ్లకి 23 సెం.మీ. గుండ్రటిది ఇవ్వండి.

గ్రాముల_లెక్క
ఇది మంచి మాట. వంటకం మార్చక్కర్లేదు కూడా. 8 అంగుళాల (20 సెం.మీ.) చదరం 64 చదరపు అంగుళాలు, 9 అంగుళాల (23 సెం.మీ.) గుండ్రం దాదాపు అంతే. ఒకదానికి రాసిన కొలత రెండోదానికి అలాగే పనికొస్తుంది. 6 అంగుళాల చిన్న గుండ్రటి టిన్ను అయితే 28 మాత్రమే, అంటే సగం కంటే కొంచెం తక్కువ. సగం కొలత చేసి ఒక గరిటెడు పిండి ఆపేయాలి.

ఏ పాత్రయినా నీళ్లు పోసి ఎన్ని లీటర్లు పడుతుందో కొలవండి. కేకు పిండి అందులో సగానికి మించకూడదు, మహా అయితే మూడింట రెండు వంతులు.

బెజవాడ_బేకర్
గృహప్రవేశంలో పాలు పొంగితే చాలు, కేకు మాత్రం పాత్ర దాటి పొంగకూడదు :)

సరే, గాజే అనుకుంటే సీసాలో ఇచ్చే పొడికి ఒకే ఒక్క వంటకం చెప్తాను. గుడ్డు, పాలు, వెన్న ఏవీ లేని చాక్లెట్ కేకు. అమెరికాలో వ్యాకీ కేక్ అంటారు. 20×20 పాత్రకి కచ్చితంగా సరిపోతుంది.

సీసాలో పెట్టేవి: మైదా 190 గ్రా., తీపి లేని కోకో పొడి 20 గ్రా., వంటసోడా గీసిన చిన్న చెంచా (5 మి.లీ.ది) ఒకటి అంటే 5 గ్రా., ఉప్పు అర చెంచా, పంచదార 200 గ్రా.

వాళ్లు కలుపుకునేవి: నీళ్లు 240 మి.లీ., వాసన లేని నూనె 80 మి.లీ., వెనిగర్ లేదా నిమ్మరసం 15 మి.లీ., వెనిలా ఒక చిన్న చెంచా.

మైదా, కోకో, సోడా, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించి సీసాలో పోయండి. పంచదార మాత్రం విడిగా చిన్న కవర్లో కట్టి పైన పెట్టండి. ఫొటోల్లో తెల్లటి పొర, నల్లటి పొర వేసి అందంగా చూపిస్తారు. కొత్తవాళ్లు వాటిని సరిగ్గా కలపరు. సోడా ఒకచోట గడ్డగా ఉండిపోయి, తిన్నప్పుడు అక్కడ సబ్బు రుచి తగులుతుంది. అంతా పోస్తే సుమారు 650 మి.లీ., కాబట్టి 750 మి.లీ. సీసా చాలు.

మైదామజ్జిగ
పంచదార కవరు ఎందుకు? కలిపి జల్లిస్తే పోతుంది కదా.

బెజవాడ_బేకర్
మన పంచదార పలుకు పెద్దది. ఈ పిండిలో వెన్నతో గిలక్కొట్టే పని లేదు. పలుకు కరగక కేకు మీద మచ్చలుగా, అడుగున పాకంలా తేలుతుంది. పొడి కొట్టి కలిపితే సీసాలో చెమ్మకి గడ్డ కడుతుంది. అందుకే విడిగా ఇచ్చి, 240 మి.లీ. వేడినీళ్లలో కరిగించి గోరువెచ్చగా అయ్యాక వాడమని రాయండి. పూర్తిగా చల్లారక్కర్లేదు, వేలు పెడితే ఓర్చుకునేలా ఉంటే చాలు.

కొలతలబ్బాయి
వెనిగర్ కలిశాక ఎంతసేపు ఆగొచ్చు?

బెజవాడ_బేకర్
ఆగకూడదు. సోడాకి పులుపు తగిలిన క్షణం నుంచి బుడగలు మొదలు. ఓవెన్ ముందే పదిహేను నిమిషాలు వేడెక్కి ఉండాలి, పాత్రకి నూనె రాసి ఉండాలి. ఆ తర్వాతే తడి సరుకు పొడిలో పోసి, ముప్పై నలభై తిప్పులు తిప్పి ఐదు నిమిషాల్లో లోపలికి పంపాలి. చిన్న చిన్న ఉండలు ఉన్నా ఫర్వాలేదు, అవి కాలేటప్పుడు పోతాయి. ఇంకా ఇంకా తిప్పితే మైదా సాగి కేకు రబ్బరులా వస్తుంది.

గాజులో 165 డిగ్రీలు, కింది రాడ్డు, పై రాడ్డు రెండూ, 35 నుంచి 40 నిమిషాలు. 30 నిమిషాల దాకా తలుపు తీయకూడదు. నడుమ పుల్ల గుచ్చితే తడి పిండి అంటకూడదు, ఒకటి రెండు పొడి రవ్వలు అంటితే మంచిదే. పుల్ల పూర్తిగా శుభ్రంగా వచ్చేదాకా ఉంచితే గాజులో అంచు ఎండుతుంది.

విశాఖ_ఉప్పుగాలి
సీసా గురించి. కడిగి, మూత తీసి ఆరబెట్టి, పూర్తిగా పొడిబారాకే పొడి పోయండి. లోపల చుక్క తడి ఉన్నా సోడా అక్కడే పని మొదలుపెట్టి చచ్చిపోతుంది. మైదాలో పురుగు గుడ్లు ఉంటాయని భయమైతే, పోసే ముందు మైదాని గాలి దూరని కవర్లో నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకూడదు. గది వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే గాల్లో తేమ అంతా మైదా మీద చేరుతుంది.

మూత మీద కలిపిన తేదీ, "రెండు నెలల్లో వాడాలి" అని రాయండి. గోధుమపిండితో చేద్దామనుకుంటే నెల కంటే ఎక్కువ నిలవ ఉంచొద్దు. అందులో మొలక భాగపు నూనె ఉంటుంది, చేదెక్కుతుంది.

కొలతలబ్బాయి
పొడి ఎందుకు, సీసాలోనే కేకు కాల్చి వేడిగా మూత బిగించి ఇచ్చే పద్ధతి ఉంది కదా? చూడ్డానికి భలే ఉంటుంది.

డాలస్_దోసె
అది మాత్రం చేయకండి. తేమ ఉన్న కేకుని గాలి లేకుండా మూసి బయట పెడితే బొటులిజం విషం పుట్టే అవకాశం ఉంది. దానికి రంగు, వాసన ఉండకపోవచ్చు కూడా. పైగా మామూలు సీసాలు ఓవెన్ వేడికి చేసినవి కావు.

మెల్‌బోర్న్_మినుములు
కార్డులో చెంచా, కప్పు అని ఒంటరిగా రాయకండి. ఇక్కడ ఆస్ట్రేలియాలో పెద్ద చెంచా అంటే 20 మి.లీ., ఇండియాలో, అమెరికాలో అమ్మే కొలత సెట్లలో 15. కప్పు కూడా ఒకచోట 240, ఇంకోచోట 250. కండెన్స్‌డ్ మిల్క్ టిన్ను 380 గ్రాములదీ ఉంది, 400 గ్రాములదీ ఉంది. "ఒక టిన్ను" అంటే ఏది? వెన్న ఒక స్టిక్ అని అమెరికా వంటకాల్లో ఉంటే 113 గ్రాములు. అన్నీ గ్రాములు, మి.లీ.లోనే రాసి, బడ్జెట్ ఉంటే చిన్న డిజిటల్ త్రాసు కూడా జత చేయండి.

గ్రాముల_లెక్క
త్రాసు కంటే ముందు ఓవెన్ థర్మామీటర్. చిన్న ఓటీజీల్లో గుండ్రటి మీట మీద 180 అని ఉన్నా లోపల 160 ఉండొచ్చు, 200 ఉండొచ్చు. జాలీకి తగిలించే థర్మామీటర్ ఒకటి ఉంటే "అదే వంటకం మీకు వచ్చింది, మాకు రాలేదు" అనే గొడవ తీరిపోతుంది. జాలీ ఏ ఎత్తులో పెట్టాలంటే, జాలీయే నడుమకి వచ్చేలా కాదు, దాని మీది పాత్ర పైభాగం ఓవెన్ ఎత్తుకి మధ్యలో వచ్చేలా.

పొంగిన_పిండి
పొడి ఖాయం. థర్మామీటర్ ఖాయం. మిగిలిన కార్డులు ఏం రాయాలి? కారంగా ఉండేవి రెండైనా కావాలి, వాళ్లింట్లో తీపి తక్కువ.

సిద్దిపేట_సీతాఫలం
బేక్డ్ వెజిటబుల్స్. 2 లీటర్ల పాత్రకి కూరగాయ ముక్కలు 600 గ్రా., వెన్న 40 గ్రా., మైదా 40 గ్రా., పాలు 500 మి.లీ., చీజ్ 80 గ్రా., మిరియాల పొడి, ఉప్పు. వెన్నలో మైదా రంగు మారకుండా రెండు నిమిషాలు పచ్చివాసన పోయేదాకా వేయించాలి. పాలు నాలుగు విడతలుగా పోస్తూ, పోసిన ప్రతిసారీ ఉండలు పోయాకే తర్వాతిది పోయాలి. గరిటె వెనక పూతలా పట్టి, వేలితో గీస్తే గీత నిలిస్తే దించేయాలి.

ఎక్కువమంది దగ్గర చెడేది ఎక్కడంటే కూరగాయల్లో నీళ్లు. కాలీఫ్లవర్, క్యారెట్, బీన్స్ ముప్పావు వంతు ఉడికాక జల్లెడలో వార్చి, గుడ్డ మీద పది నిమిషాలు ఆరబెట్టాలి. లేకపోతే ఓవెన్‌లో ఆ నీళ్లన్నీ వదిలి సాస్ విరిగినట్టు కనపడుతుంది. 190 డిగ్రీలు, 25 నిమిషాలు. దీనికి గాజు అయినా వేడి తగ్గించక్కర్లేదు, పిండి పొంగే వంట కాదు కాబట్టి.

డాలస్_దోసె
పైన ఎర్రగా రావాలని చివర్లో పై రాడ్డు ఒక్కటే పెట్టి గ్రిల్ చేస్తారు. గాజు పాత్రలో అది వద్దని కార్డు మీద రాయండి. రాడ్డుకి దగ్గరున్న భాగం ఒక్కటే మండిపోయి, అడుగు చల్లగా ఉంటే పగిలేది అప్పుడే. రంగు కావాలంటే చీజ్ మీద బ్రెడ్డు పొడిని కరిగిన వెన్నలో కలిపి చల్లితే 190కే ఎర్రబడుతుంది.

ఇనుపపెనం
ఇంతమంది చెప్పారు, దిబ్బరొట్టి ఎవరికీ గుర్తు రాలేదా? పైనా కిందా నిప్పులు పెట్టి కాల్చేవాళ్లు మనవాళ్లు. ఓటీజీ చేసేదీ అదే పని, పైన ఒక రాడ్డు, కింద ఒక రాడ్డు. కొత్త ఇంటికి మన వంటే వెళ్లాలి.

పొంగిన_పిండి
అది చాలా నచ్చుతుంది వాళ్లకి. గాజు పాత్రలో వస్తుందా?

ఇనుపపెనం
రాదు. రొట్టి అడుగు కరకరలాడాలంటే పిండి పడేటప్పటికే నూనె కాగి ఉండాలి. ఖాళీ గాజు పాత్రని నూనెతో ఓవెన్‌లో కాచి అందులో చల్లటి పిండి పోస్తే బోరోసిలికేట్ అయినా నమ్మలేం. చల్లటి పాత్రలో పోసి పెడితే అడుగున ఇడ్లీలా మెత్తగా ఉడుకుతుంది. దీనికి 20 సెం.మీ. పోత ఇనుప మూకుడు, చెక్క పిడి లేనిది కావాలి.

మినప్పప్పు 100 గ్రా. నాలుగు గంటలు నానబెట్టి, గట్టిగా రుబ్బి, కడిగి పిండిన ఇడ్లీ రవ్వ 200 గ్రా., ఉప్పు, జీలకర్ర కలపాలి. పిండి గరిటె జారుగా కాదు, ముద్దగా పడేలా ఉండాలి. మూకుడులో 45 మి.లీ. నూనె పోసి 200 డిగ్రీల ఓవెన్‌లో పదిహేను నిమిషాలు కాగాక పిండి వేసి, మూత పెట్టి 25 నిమిషాలు, మూత తీసి ఇంకో 12 నుంచి 15. పిండి వేయగానే చుయ్యిమని మోగాలి. మోగలేదంటే మూకుడు కాగలేదు, అడుగు అంటుకుంటుంది.

గ్రాముల_లెక్క
అయితే ఇచ్చేది పోత ఇనుము చేద్దామా అంటే, చింతపండు, టమాటా అందులో పనికిరావు, కడిగి ఆరబెట్టి నూనె రాయడం అలవాటు లేనివాళ్లకి తుప్పు. కొత్తగా బేకింగ్ మొదలుపెట్టే ఇంటికి మొదటి పాత్ర గాజే.

ఇనుపపెనం
ఒప్పుకుంటాను. కానీ దిబ్బరొట్టి కార్డు మాత్రం కట్టలో పెట్టండి. "పోత ఇనుప మూకుడులో మాత్రమే" అని పైన ఎర్ర సిరాతో రాయండి. చాలా ఇళ్లలో అమ్మమ్మల నాటి మూకుడు అటక మీద ఉంటుంది.

మైదామజ్జిగ
గాజుకి బాగా కుదిరేది రవ్వ కేకు. బొంబాయి రవ్వ 200 గ్రా., పెరుగు 200 గ్రా., పంచదార 150 గ్రా., కరిగిన నెయ్యి లేదా నూనె 80 మి.లీ., పాలు 100 మి.లీ., యాలకుల పొడి. ఇవి కలిపి అరగంట నాననివ్వాలి. రవ్వ పీల్చుకుని గట్టిపడితే ఇంకో 20 మి.లీ. పాలు. బేకింగ్ పౌడర్ ఒక చిన్న చెంచా, వంటసోడా పావు చిన్న చెంచా మాత్రం నానాకే కలపాలి. మొదట్లోనే కలిపితే ఆ అరగంటలో గాలి అంతా పోతుంది. 165 డిగ్రీలు, 35 నుంచి 40 నిమిషాలు.

ఇంట్లో ఉన్న బేకింగ్ పౌడర్ పనిచేస్తుందో లేదో చూడాలంటే అర చెంచా వేడినీళ్లలో వేయాలి, గట్టిగా నురగ రావాలి. వంటసోడాకైతే నిమ్మరసం.

కొలతలబ్బాయి
గుడ్డు లేని బ్రెడ్ పుడ్డింగ్ కూడా. బ్రెడ్డు 180 గ్రా., అంటే ఆరు ముక్కలు, పాలు 500 మి.లీ., వెనిలా కస్టర్డ్ పొడి 25 గ్రా., పంచదార 70 గ్రా. కస్టర్డ్ పల్చగా కాచి, గోరువెచ్చగా అయ్యాక బ్రెడ్డు మీద పోసి పావుగంట ఆగి, 170లో అరగంట. తీసినప్పుడు జారుగా ఉంటుంది, చల్లారితే బిగుసుకుంటుంది. జారుగా ఉందని మళ్లీ లోపల పెడితే ఎండిపోతుంది.

సిద్దిపేట_సీతాఫలం
పిజ్జా, బ్రెడ్డు, పఫ్ కార్డులు మాత్రం రాయొద్దు. వాటికి అడుగు గట్టిగా కాలాలి, గాజు ఆ వేడి ఇవ్వలేదు. వాటి కోసం ఓటీజీతో వచ్చిన పళ్లెం ఉంది.

పొంగిన_పిండి
పొడి సీసా సరే, పాత్ర ఖాళీగా ఇవ్వడం బాగోదు కదా? ఖాళీ గిన్నె చేతిలో పెట్టరు. ముందు రోజు అందులోనే కేకు చేసి తీసుకెళ్తే? మూడు గంటల ప్రయాణం.

మెల్‌బోర్న్_మినుములు
చాక్లెట్ కేకు అయితే తీసుకెళ్లొచ్చు. పాలు, వెన్న లేవు కాబట్టి చెడే భయం తక్కువ. అయితే పూర్తిగా చల్లారాక, కనీసం నాలుగు గంటల తర్వాతే మూత పెట్టండి. వెచ్చగా ఉండగా మూస్తే మూతకి చెమ్మ పట్టి కేకు మీద కారుతుంది. రెండో రోజుకి బూజు. వైట్ సాస్ వంటకం, అదే పైన చెప్పిన బేక్డ్ వెజిటబుల్స్, మాత్రం ప్రయాణానికి వద్దు. బయట రెండు గంటలు దాటితే పనికిరాదు, మండే ఎండల్లో గంటే.

బెజవాడ_బేకర్
కేకు చేసి ఇస్తే వాళ్లకి కడగాల్సిన పాత్ర వెళ్తుంది. గృహప్రవేశం రోజు ఆ ఇంట్లో గిన్నెలకి కొదవ ఉండదు. బిస్కెట్లు నింపండి. ఉస్మానియా బిస్కెట్లు గుడ్డు లేకుండానే చేస్తారు, వారం నిలవుంటాయి, పాత్రకి మరక అంటదు.

ఉప్పు వెన్న 100 గ్రా. మెత్తగా చేసి, పంచదార పొడి 60 గ్రా. వేసి తెల్లబడేదాకా గిలక్కొట్టాలి. మైదా 150 గ్రా., కస్టర్డ్ పొడి 25 గ్రా., పాలపొడి 20 గ్రా., యాలకులు, రెండు చిన్న చెంచాల పాలల్లో నానిన కుంకుమపువ్వు. ముద్దని చపాతీ పిండిలా పిసక్కూడదు, దగ్గరకి చేర్చి అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. అర సెం.మీ. మందం ఒత్తి, గుండ్రంగా కోసి, పైన పాలు రాసి 170లో 15 నుంచి 18 నిమిషాలు. అంచు రంగు తిరగగానే తీసేయాలి. మెత్తగా అనిపిస్తాయి, పళ్లెం మీదే ఐదు నిమిషాలు వదిలితే గట్టిపడతాయి. పాతిక దాకా వస్తాయి.

విశాఖ_ఉప్పుగాలి
పాత్రలో కింద వేయడానికి బటర్ పేపర్ సరిపోతుంది. ఓవెన్‌లో వాడాలంటే మాత్రం బేకింగ్ పేపర్ అని రాసి ఉన్నదే కొనండి. బటర్ పేపర్ పేరుతో అమ్మే వాటిలో చాలావాటికి సిలికాన్ పూత ఉండదు, కేకు అడుగుకి అతుక్కుని పీలికలుగా వస్తుంది.

గ్రాముల_లెక్క
కార్డులు 4×6 అంగుళాల సైజులో రాయండి. ఆ సైజు ఫొటో ఆల్బమ్ కొని ప్లాస్టిక్ జేబుల్లో పెట్టేస్తే నూనె చేతులతో పట్టుకున్నా పాడవదు. బాల్‌పెన్‌తో రాయండి, జెల్ పెన్ సిరా తడికి పాకుతుంది. ప్రతి కార్డు పైన ఈ వరుస ఉండాలి: ఏ పాత్ర, ఎన్ని డిగ్రీలు, ఏ రాడ్లు, ఎన్ని నిమిషాలు, అయిందని ఎలా తెలుస్తుంది. పదార్థాలు ఆ తర్వాత.

మొదటి కార్డు వంటకం కాదు, పాత్ర గురించి. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టొద్దు. వేడి పాత్రని తడి గ్రానైట్ గట్టు మీద దించొద్దు, పొడి గుడ్డ మడిచి వేయండి. వేడిగా ఉండగా నీళ్లు పోయొద్దు. అంచు పెచ్చు లేస్తే, గీత పడితే ఇక ఓవెన్‌కి వాడొద్దు.

పొంగిన_పిండి
టేపు కొలతలు వచ్చాయి. లోపల 31 వెడల్పు, 26 లోతు. బోరోసిలికేట్ 20×20, చెవులతో 24. థర్మామీటర్, చాక్లెట్ పొడి సీసా, నిండుగా ఉస్మానియా బిస్కెట్లు. కార్డులు ఆరు: పాత్ర జాగ్రత్తలు, చాక్లెట్ కేకు, బేక్డ్ వెజిటబుల్స్, రవ్వ కేకు, బ్రెడ్ పుడ్డింగ్, ఎర్ర సిరాతో దిబ్బరొట్టి. ఇచ్చే ముందు అలాంటిదే ఇంకో పాత్ర తెచ్చి ఆ నాలుగూ ఒకసారి కాల్చి చూసి, నిమిషాలు సరిచేసి రాస్తాను.

ఇనుపపెనం
ఐదు. దిబ్బరొట్టి కూడా.

పొంగిన_పిండి
ఐదు :)

మైదామజ్జిగ
కాగితం చుట్టే ముందు పాత్ర అడుగున ఉన్న కంపెనీ స్టిక్కర్ తీసేయండి. అలాగే ఓవెన్‌లోకి వెళ్తే జిగురు మాడి గాజుకి పట్టేస్తుంది. కొబ్బరినూనె, వంటసోడా సమంగా కలిపి రాసి పది నిమిషాలు ఆగి మెత్తటి గుడ్డతో రుద్దితే వచ్చేస్తుంది. పీచు వాడకండి, గీతలు పడతాయి.

పొంగిన_పిండి
ఇప్పుడే చూశాను, అడుగున రెండు స్టిక్కర్లు ఉన్నాయి. నూనె రాసి పెట్టాను.